తొక్కితే పోని నొప్పి

నేను ఎదురుకాళ్ళతో పుట్టాను. మంత్రసాని భయపడిందట, మా అమ్మకు స్పృహ లేదట. వేడినీళ్ళ చెంబు పట్టుకుని పక్కన నిలబడిన మా మేనత్త మాత్రం నా పాదాలు చూసి సంతోషపడిందట. ఎదురుకాళ్ళతో పుట్టినవాడు కాలితో తొక్కితే ఎటువంటి పట్టైనా వదులుతుందని మావాళ్ళ నమ్మకం. నడుం పట్టు, మెడ పట్టు, పక్క పట్టు, అన్నిటికీ అదే వైద్యం. పుదుచ్చేరి బజారులో మూటలెత్తేవాళ్ళకూ, రోజంతా గద్దె మీద కూర్చుని లేచే వర్తకులకూ పట్టులకు కొదవ లేదు. అంతకుముందు ఆ పని చేసిన ముదలియార్‌పేట ముసలాయన ఆ మధ్యనే పోయాడు. కాబట్టి నేను పుట్టగానే బజారుకు ఒక కాలు దొరికింది.

ఆ కాలి మీద పెత్తనం మా అత్తది. చిన్న వయసులో భర్త పోతే పుట్టింటికి వచ్చి, మా నాన్నతో సమానంగా ఇత్తడి పాత్రల అంగడి నడిపిన మనిషి. మధ్యాహ్నం నాన్న భోజనానికి వెళితే గద్దె ఆమెది. బేరంలో ఆమెను గెలిచినవాణ్ణి నేను చూడలేదు. తెల్లవారేసరికి ముత్తియాల్‌పేటలోని మా ఇంటి అరుగు మీద ఎవరో ఒకరు మూలుగుతూ కూర్చుని ఉండేవాళ్ళు. అత్త వాళ్ళను చాప మీద బోర్లా పడుకోబెట్టేది. నిద్రకళ్ళతో ఉన్న నన్ను తెచ్చి, పట్టిన చోట నా పాదం పెట్టించి మెల్లగా తొక్కించేది. ఆ తర్వాత ఆమె నియమం ఒకటి ఉండేది. తొక్కించుకున్నవాళ్ళు వెంటనే లేవకూడదు. ఒక ఆకువక్క నమిలి అయిపోయేంత సేపు కదలకుండా పడుకోవాలి. "లేస్తివా, పట్టు మళ్ళా ఎక్కుతుంది" అని బెదిరించేది. ఆ ఆకువక్క నమిలేది ఆమే.

రోగం ఏదైనా ఆమె దగ్గర ఒక పేరు సిద్ధంగా ఉండేది. చెప్పేవాడు సగం చెప్పకముందే "అది సుళుక్కు", "అది వేడి", "అది వాయువు" అని తేల్చేసేది. సుళుక్కంటే బెణుకు. నాకు తెలిసి ఆమె నోట "ఏమో" అన్న మాట ఎవరూ వినలేదు.

కాలేజీ రోజుల్లో నేను ఒక హేతువాద సంఘంలో చేరాను. ఆదివారాలు ఒక బడి గదిలో కలిసేవాళ్ళం. అక్కడ వాదం అంటే గొంతు పెంచడం కాదు. ఎదుటివాడి మాటను వాడు తల ఊపేంత చక్కగా ముందు మనమే చెప్పాలి, ఆ తర్వాతే ఖండించాలి. అలా కొన్ని నెలలు సానపట్టుకున్నాక ఒక ఉదయం అరుగు మీద ఉన్న చాప చుట్టి లోపల పెట్టి, ఇకమీదట ఎవరినీ తొక్కనని చెప్పాను.

"ఏందిరా నీ కాలికొచ్చిన కష్టం?" అంది అత్త.

"నా కాల్లో ఏమీ లేదత్తా. అందరి కాళ్ళ మాదిరే."

"అట్లయితే ఇన్నేండ్లు తగ్గినోళ్ళంతా అబద్ధం చెప్పినారా?"

"తగ్గింది నిజమే. తగ్గింది కాలు వల్లనా అని అడగతాండాను."

"అడుగుతానే వుండు. కాలు మాత్రం ఇచ్చిపో. అది నీదనుకుంటివా? బజారుది."

బజారు ఆస్తిని నేను తిరిగి ఇవ్వలేదు. ఆమె నన్ను క్షమించనూ లేదు. కానీ ఆ రోజు నుంచి రాత్రి భోజనాల దగ్గర నాతో వాదించకపోతే ఆమెకు అన్నం సయించేది కాదు. దేవుడి నుంచి దిష్టి దాకా ఏదీ వదిలేవాళ్ళం కాదు. ఆమెకు తెలుగు చదవడం రాదు, తమిళం కూడబలుక్కుని చదివేది. నేనైనా తెలుగు అక్షరాలు నేర్చుకున్నది పెద్దయ్యాకే, యానాం నుంచి బదిలీ మీద వచ్చిన ఒక ఉద్యోగి దగ్గర. సంఘంలో నాకు ఎందరో ఉద్దండులు ఎదురు నిలిచారు. అత్తంత గట్టి ప్రత్యర్థి ఒక్కరూ లేరు.

డెబ్బైల చివర్లో ఆమెకు ఒక కొత్త పట్టు మొదలైంది. మా కాపురం మాడి మీద, అంటే మేడ మీద. కొళాయి వీధిలో. బిందె చంకన పెట్టుకుని మెట్లెక్కుతూ సగంలో ఆగిపోయేది. గోడకు చేయి ఆనించి, పిడికిలి రొమ్ముకు అదుముకుని నిలబడేది. కాసేపటికి మళ్ళీ ఎక్కేది. అడిగితే "వాయువు" అనేది. అమ్మ వాము కషాయం కాచేది, అంగడి పక్కవాళ్ళు గోలీసోడా పంపేవాళ్ళు. సోడా తాగితే తేపు వచ్చేది, తేపు వచ్చేసరికి నొప్పి పోయేది. అందరికీ తృప్తి.

ఈ వాయువు మీద నాకు ఉన్న కోపం ఇంతా అంతా కాదు. మన ఇళ్ళలో వాయువు చేయలేని పని లేదు. మోకాలు పట్టినా వాయువే, తల తిరిగినా వాయువే, మనిషి గుండె పట్టుకుని కూలిపోయినా ముందు రోజు తిన్న ఉర్లగడ్డ వాయువే. ఒక మాట అన్ని రోగాలనూ వివరిస్తే, అది ఏ రోగాన్నీ వివరించలేదన్నమాట. తెలియనిదానికి ఒక పేరు తగిలించి తెలిసినట్టు నిద్రపోవడం మనకు అలవాటైపోయింది. ఆ నిద్రలోనే పోయినవాళ్ళు మా బజారులోనే ఎంతమంది.

అంతకు కొన్ని వారాల ముందే మా సంఘంలో ఒక డాక్టరు మాట్లాడారు. ఆంధ్ర నుంచి వచ్చి ఇక్కడి పెద్దాసుపత్రిలో పని చేస్తున్నవారు. ఆయన తెలుగులో చెబితే నేను తమిళంలోకి మార్చి చెప్పాను. రొమ్ములో వచ్చే ప్రతి నొప్పీ గుండెది కాదు అన్నారు. వేలితో ఒక్క చోట చూపించగలిగి, అక్కడ ఒత్తితే ఎక్కువయ్యే నొప్పి చాలావరకు కండరానిదో పక్కటెముకదో అవుతుంది. తిన్న తర్వాత, పడుకున్న తర్వాత మండుతూ గొంతులోకి ఎక్కేది పులితేపుల బాపతు కావచ్చు. గుండెకు రక్తం చాలనప్పుడు వచ్చేది చాలామందికి నొప్పిలాగే ఉండదు. బరువుగా, బిగింపుగా ఉంటుంది. నడిస్తే, మెట్లెక్కితే, కోపం వస్తే మొదలవుతుంది, ఆగితే తగ్గుతుంది. చూపించమంటే వేలు పెట్టరు, అరచేయి పెడతారు, లేదా పిడికిలి పెడతారు. ఇవేవీ తిరుగులేని సూత్రాలు కావు, అనుమానానికి ఆధారాలు మాత్రమే అని చివర్లో హెచ్చరించారు.

మెట్ల మీద మా అత్త పిడికిలి చూసినప్పుడు నాకు ఆ మాటలు గుర్తొచ్చాయి. చిన్నప్పుడు నేను తొక్కినవాళ్ళంతా వేలితో చూపించి "ఈడ తొక్కు, ఈడ" అనేవాళ్ళు. పిడికిలి చూపినవాళ్ళు ఎవరూ లేరు. ఆమెను ఆసుపత్రికి తీసుకుపోకపోతే దక్కదని నాకు ఆ క్షణంలోనే అనిపించింది. తీసుకుపోవడం ఎలాగో మాత్రం తెలియలేదు. ఆమె కాన్పులకు తోడు వెళ్ళడానికి తప్ప ఆసుపత్రి గడప తొక్కిన మనిషి కాదు.

ఒక ఆదివారం మెట్లెక్కి వచ్చి నేరుగా నా ఎదుట చాప పరిచి బోర్లా పడుకుంది.

"తొక్కు" అంది.

"అత్తా, ఇది పట్టు కాదు. గుండె. డాక్టరు దగ్గరికి పోదాం."

"బజారుకంతా పెట్టిన కాలు, ఎత్తి పెంచినదానికి పెట్టవా? తొక్కితే గాని లేవను. తొక్కినాక తగ్గకుంటే అప్పుడు నీ ఆస్పత్రికి వస్తా."

అమ్మ వంటింట్లోంచి వచ్చి, "దానికి మనసు కుదుటపడుతుంది గదరా, ఊరికే కాలు పెట్టరాదా" అంది. నేను పెట్టలేదు. ఎందుకు పెట్టనో చెప్పడం మొదలుపెట్టాను. రక్తనాళాల సంగతి చెప్పాను. ఆమె చాప మీది నుంచే ఎదురు చెప్పింది. ముదలియార్‌పేట ముసలాయన గొప్పతనం చెప్పింది, నేను పుట్టిన రోజు సంగతి చెప్పింది, నా కృతఘ్నత గురించి చెప్పింది. ఇంతలో నాకు ఒక అనుమానం వచ్చి ఆగాను.

"అత్తా, ఇప్పుడెట్ల వుండాది?"

ఆమె తల ఇటు తిప్పింది. "పోయింది" అంది.

"నేను కాలు పెట్టలేదే."

"నీడ పడింది గదా" అంది.

అమ్మ నవ్వాపుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను మాత్రం నవ్వలేదు. అన్ని సంవత్సరాలూ అరుగు మీద జరిగినదేమిటో నాకు అప్పుడు అర్థమైంది. ఆకువక్క నమిలేంత సేపు కదలకుండా పడుకోవడం, అదే ఆ వైద్యంలో సారం. కండరం పట్టినవాడికి అది కొంత హాయినిస్తుంది. గుండెకు రక్తం చాలనివాడికి కూడా అది ఆ పూటకు నొప్పి తీసేస్తుంది. అక్కడే ప్రమాదం. పేరు కాలికి వస్తుంది, రోగం లోపలే ఉంటుంది.

మా సంఘం పద్ధతిలో ఆమె ముందు ఒక పరీక్ష పెట్టాను. ఈసారి నేను దగ్గర లేనప్పుడు నొప్పి వస్తే చూడాలి. కాలు వద్దు, సోడా వద్దు, కషాయం వద్దు. ఎక్కడ వస్తే అక్కడ ఉత్తినే కూర్చోవాలి. తగ్గకపోతే నా కాలికి ఏదో ఉందని నేను ఒప్పుకుని రోజూ అరుగు మీద కూర్చుంటాను. తగ్గితే కాలి ప్రస్తావన ఇంట్లో మళ్ళీ రాకూడదు.

"నేనే చెప్పాల గదా తగ్గిందో లేదో? నేను అబద్ధం చెప్తే?"

"నువ్వు చెప్పవు" అన్నాను.

ఆమె అబద్ధం చెప్పలేదు. రెండు మూడు రోజుల తర్వాత సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి గుమ్మంలోనే నిలబడి ఉంది. "మార్కెట్టు నుంచి వస్తా వుంటే వచ్చింది. కాలువ గట్టు మీద కూర్చున్నా. పోయింది. నీ కాల్లో ఏమీ లేదురా" అంది. ముఖం చిన్నబోలేదు. తూకంలో తేడా వస్తే తనే రాయి మార్చి మళ్ళీ తూచే వ్యాపారి గొంతు అది. ఇన్నేళ్ళ పరువు ఆ ఒక్క మాటతో పోతుందని ఆమెకు తెలుసు. తెలిసి చెప్పింది. వేదికల మీద మహా పండితులు తప్పు దొరికాక మాట మార్చడం చూసినవాణ్ణి నేను. ఆ రోజు మా గుమ్మంలో చూసినంత నిజాయితీ అక్కడ చూడలేదు.

గెలిచానని నేను సంబరపడేలోపే ఆమె రెండో మాట అంది. "కూర్చుంటే పోయేదానికి ఆస్పత్రి ఎందుకు?"

నా అస్త్రమే నా మీదికి తిప్పింది. నాకు దాదాపు వారం పట్టింది. చివరికి నేను అడిగింది ఒక్కటే: "కూర్చుంటే ఎందుకు పోతాదో నీకు తెలిసింది. నడిస్తే ఎందుకు వస్తాదో తెలుసుకోవద్దా?" తెలుసుకోవడమన్న మాట ఆమెను లాగింది. మందు కోసం రాని మనిషి జవాబు కోసం వచ్చింది.

మా సంఘంలో మాట్లాడిన ఆ డాక్టరే ఆమెను చాలాసేపు ప్రశ్నలడిగారు.

"నొప్పి ఎక్కడండీ?"

"యాడ అని చెప్పేదయ్యా? ఈడంతా" అని రొమ్ము మధ్యన పిడికిలి పెట్టింది.

"ఎలా ఉంటుంది? పొడిచినట్టా, మండినట్టా?"

"నొప్పే కాదు అది. ఇత్తడి అండా తెచ్చి రొమ్ము మీద దించినట్ల."

ఆయన నా వైపు చూశారు. అండా అంటే పెద్ద గుండిగ అని చెప్పాను.

"ఇంకెక్కడికైనా పాకుతుందా అమ్మా?"

"కింది దవడకి. ఎడమ చెయ్యంతా పోతాది, చిటికెన వేలిదాకా."

రొమ్ము మీద అక్కడక్కడా ఒత్తి చూశారు. ఒత్తితే ఏమీ లేదంది. గట్టిగా ఊపిరి పీల్చమన్నారు. పీల్చినా మార్పు లేదు. రక్తపోటు చూశారు, ఎక్కువగా ఉంది. పడుకోబెట్టి గుండె గీత, అదే ఈసీజీ, తీశారు. ఆ పొడుగు కాగితం చూసి, ఇప్పటికి బాగానే ఉందన్నారు. అత్త మంచం మీది నుంచే నన్ను చూసింది.

"చూస్తివా? నా గీత మీ నాయన చేతిరాతకంటే చక్కగా వుండాది. పోదాం పద."

"ఆగండమ్మా. ఇది మీరు హాయిగా పడుకుని ఉన్నప్పటి గీత. బండి నిలిచివున్నప్పుడు ఇరుసు బాగానే కనిపిస్తుంది. బరువేసి లాగితే కదా తెలిసేది. కాగితం కంటే మీరు చెప్పిందే నాకు ముఖ్యం" అన్నారాయన.

తర్వాత ఆమె అడగవలసినది ఆమే అడిగింది. నడిస్తే ఎందుకొస్తుంది? ఆయన వీధి కొళాయితో చెప్పారు. గుండె కూడా ఒక కండరమే, దానికీ రక్తం కావాలి. ఆ రక్తం తెచ్చే నాళాలు లోపల పూడి ఇరుకైనాయి. సన్నగా వచ్చే కొళాయి ఒక బిందెకు చాలు. వీధంతా ఒకేసారి బిందెలు తెచ్చి పెడితే చాలదు. మెట్లెక్కితే గుండె ఎక్కువ అడుగుతుంది, నాళం ఇవ్వలేదు. ఆ కొరతే ఆ బరువు. కూర్చుంటే అడగడం తగ్గుతుంది, కాబట్టి బరువు పోతుంది. కానీ ఏదో ఒక రోజు కొళాయి పూర్తిగా మూసుకుపోవచ్చు. అప్పుడు కూర్చున్నా పోదు. కండరం చచ్చిపోవడం మొదలవుతుంది.

"అదే గుండెపోటు" అన్నారు. "ఆ తేడా మీరు తెలుసుకోవాలి. ఇంట్లో ఎవరికంటే ముందు మీకే తెలుస్తుంది."

గుండె వేగం తగ్గించడానికి రోజూ వేసుకునే మాత్ర ఇచ్చారు. నాలుక కింద పెట్టుకునే చిన్న మాత్రలు ఇచ్చారు. నొప్పి వస్తే కూర్చుని పెట్టుకోవాలి, నిలబడి పెట్టుకుంటే కళ్ళు తిరిగి పడవచ్చు. కొన్ని నిమిషాలు చూసి తగ్గకపోతే ఇంకొకటి. అయినా తగ్గకపోయినా, ఊరికే కూర్చున్నప్పుడు వచ్చినా, చెమట పట్టినా, వాంతి వచ్చేటట్టున్నా వెంటనే రావాలి. నడవకూడదు, మెట్లు దిగకూడదు, మోసుకురావాలి. పొగాకు మానాలి. ఊరగాయ, అప్పళం తగ్గించాలి. బిందె మోయకూడదు. ఆకువక్క ఉంచుకుని పొగాకు వదిలేసింది. ఊరగాయ విషయంలో మాత్రం మా అమ్మతో చాలాకాలం యుద్ధం నడిచింది.

మాత్ర నాలుక కింద చురుక్కుమంటుందని, తర్వాత తల అదురుతుందని చెప్పేది. తల అదరడం ఆ మందు గుణమేనని డాక్టరు చెప్పాక, దాన్ని పట్టించుకోలేదు. మెట్ల మలుపులో ఒక ముక్కాలిపీట వేయించుకుంది. అక్కడ కూర్చుని దారినపోయేవాళ్ళందరినీ పలకరించి, తీరిగ్గా పైకి వచ్చేది.

మరుసటి సంవత్సరం పెళ్ళిళ్ళ కాలంలో, పొద్దున పూట, అంగడి నిండా జనం. అత్త గద్దె మీద కూర్చుని ఉంది. బరువు ఎత్తలేదు, నడవలేదు, ఎవరితోనూ గొడవ పడలేదు. నాకు సెలవు కావడంతో నేనూ అక్కడే ఉన్నాను. ఒక పెళ్ళివారికి గంగాళం చూపిస్తూ ఉండగా మాట ఆపేసింది. పిడికిలి రొమ్ము మీదికి పోయింది. నుదుట చెమట పట్టింది. కొంగు ముడి విప్పి మాత్ర నాలుక కింద పెట్టుకుంది. చుట్టూ మూగారు. ఎవరో సోడా కొట్టారు, ఎవరో ఇంగువ తెమ్మన్నారు. ఎదురంగడి బట్టల వర్తకుడు, మా తెలుగువాళ్ళలో పెద్దాయన, నా చెయ్యి పట్టుకున్నాడు. నా చిన్నప్పుడు ఆయన నడుం నేను ఎన్నిసార్లో తొక్కాను.

"ఇప్పుడన్నా నీ పట్టుదల వదలరా అబ్బోడా. కాలు పెట్టు. ఆమె ప్రాణం పోతా వుంటే సిద్ధాంతం చెప్తావా?"

జనం నా వైపు చూశారు. అంతమంది మధ్య ఒక్కడూ నా పక్షాన లేడు. నాన్న కూడా నేల చూపులు చూస్తున్నాడు. అప్పుడు అత్త చెయ్యెత్తింది. రెండో మాత్ర పెట్టుకుని గోడ గడియారం చూస్తూ ఉండినదల్లా మాట్లాడింది. గొంతు సన్నగా ఉంది, మాటలు మాత్రం తడబడలేదు.

"వాణ్ణి వదులన్నా. ఇది ఆ నొప్పి కాదు. కూర్చునే వుండా, అయినా వచ్చింది. రెండు మాత్రలు పెట్టినా, పోవడంలా. కొళాయి మూసుకుంది. నన్ను నడిపించొద్దు. కుర్చీతో ఎత్తండి."

"బజారు కాలు ఎదురుగా పెట్టుకుని ఆస్పత్రికి పోతావా చెల్లీ?" అన్నాడు పెద్దాయన.

"నీ నడుముకి కావాలంటే నువ్వు వుంచుకో. నాది గుండె" అంది.

కుర్చీతో ఎత్తాం. సోడా పట్టుకున్న చేతులే కుర్చీ కాళ్ళు పట్టుకున్నాయి. పెళ్ళివారు తెచ్చిన అద్దె కారు వాకిట్లోనే ఉంది, దాన్లో కూర్చోబెట్టాం. పెద్దాయన ముందు సీట్లో ఎక్కి దారి పొడుగునా బండ్లను తప్పుకోమని అరుస్తూ వచ్చాడు.

ఈసారి గీత చక్కగా లేదు. డాక్టరు కాగితం చూసి మారుమాట లేకుండా లోపలికి తీసుకుపోయారు. నొప్పి తగ్గే సూది ఇచ్చారు, ప్రాణవాయువు పెట్టారు, గుండె నడకను చూపే యంత్రం పక్కన పడుకోబెట్టారు. ఆ మధ్యాహ్నమే గుండె లయ తప్పింది. యంత్రం చూస్తున్న నర్సు పిలిచింది, డాక్టరు పరుగున వచ్చి నరానికి మందు ఎక్కించి దారికి తెచ్చారు. తర్వాత బయటికి వచ్చి మాతో అన్నారు: గుండెపోటులో చాలామంది పోయేది ఆ మొదటి గంటల్లోనే, ఇలా లయ తప్పి. ఆ సమయంలో ఈ మంచం మీద ఉంటే ఏదైనా చేయగలం. అంగడిలో ఉంటే ఏమీ చేయలేం.

పెద్దాయన తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు. "ఆమెకు ఎట్ల తెలిసిందిరా?" అని నన్ను అడిగాడు. ఎట్ల తెలిసిందో చెప్పాను. మొదటి నుంచి చివరిదాకా, కాలువ గట్టు మీద ఆమె కూర్చున్న సాయంత్రంతో సహా చెప్పాను. ఆయన మధ్యలో ఒక్కసారీ అడ్డు రాలేదు.

ఆ రోజుల్లో గుండెపోటు వచ్చినవాళ్ళను వారాల తరబడి మంచం దిగనిచ్చేవాళ్ళు కాదు. వార్డులో అందరి నొప్పుల చరిత్ర ఆమెకు కంఠతా వచ్చింది. చూడడానికి వెళితే నా బాగోగులు అడగకుండా, పక్క మంచం ఆవిడకు నొప్పి రాకుండా ఆయాసం మాత్రమే వచ్చిందని, అదీ గుండెపోటేనని, ఆడవాళ్ళకూ చక్కెర రోగులకూ అలా రావచ్చని చెప్పేది. "అయితే నాకు వచ్చినట్లే అందరికీ రాదురా" అని ఆశ్చర్యపోయేది.

ఇంటికి వచ్చి నిలదొక్కుకున్నాక, మా సంఘంలో మాట్లాడమని అడిగాను. డాక్టరు కూడా వస్తానన్నారు. ఆ ఆదివారం బడి గది చాలలేదు. బజారు తెలుగు ఇళ్ళ ఆడవాళ్ళు, ఎన్నడూ మా సంఘం వైపు చూడనివాళ్ళు, వచ్చి ముందు వరుసల్లో కూర్చున్నారు. అత్త కుర్చీలో కూర్చుని సగం తెలుగులో, సగం తమిళంలో తనకు జరిగింది చెప్పింది. ఎలా వచ్చింది, ఎలా పోయింది, పోనిది ఎలా ఉండింది. నా కాలి సంగతి కూడా దాచలేదు. జనం నవ్వారు, ఆమె కూడా నవ్వింది.

చివర్లో కదిర్కామం నుంచి వచ్చిన ఒకావిడ లేచింది. "అక్కా, మా పెద్దోడికి జ్వరం వచ్చి పోయింది. ఇప్పుడు రొమ్ములో పొడుస్తా వుండాది. పడుకుంటే ఎక్కువ, ముందుకి వంగి కూర్చుంటే తక్కువ. నడిచినా అంతే, నిలిచినా అంతే. వాయువే గదా?"

గదిలో అందరూ అత్త వైపు తిరిగారు. ఆ బజారులో ఏ నొప్పికైనా పేరు పెట్టే మనిషి ఆమె. ఇప్పుడైతే చావును చూసి వచ్చిన మనిషి కూడా. ఏం చెప్పినా నమ్ముతారు. ఆమె కుర్చీలో ముందుకు వంగింది.

"నాకు తెల్దు" అంది.

ముందు వరుసల్లోని ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు.

"నాది నడిస్తే వచ్చింది, కూర్చుంటే పోయింది. నీ కొడుకుది అట్ల లేదు. తెలిసినట్ల నేనొక పేరు చెప్తే, ఆ పేరు పట్టుకుని నువ్వు ఇంట్లో కూర్చుంటావు. డాక్టరు అదిగో ఆడ వుండాడు. అడుగు."

డాక్టరు లేచి వచ్చి ఆ తల్లితో మాట్లాడారు. గుండె చుట్టూ ఒక పొర ఉంటుందని, జ్వరాల తర్వాత ఒక్కోసారి అది వాస్తుందని, అది కూడా గుండె నొప్పే అయినా దారి వేరని, చాలామందికి మందులతో నయమవుతుందని, అయితే పరీక్ష చేయకుండా ఏదీ చెప్పనని అన్నారు. అతణ్ణి ఆ పూటే తీసుకురమ్మన్నారు. ఆమె సభ అయ్యేదాకా ఆగకుండా వెళ్ళిపోయింది. ఆయన అనుమానించిందే నిజమని తర్వాత తెలిసింది. అతను కోలుకుని పనిలోకి వెళ్ళాడు.

నా జీవితంలో నేను చాలా ఉపన్యాసాలు ఇచ్చాను, అంతకంటే ఎక్కువ విన్నాను. మూఢత్వం మీద నిప్పులు కురిపించాను. చప్పట్లు కొట్టించుకున్నాను. హేతువాదమంటే ఏమిటని ఇప్పటికీ ఎవరైనా అడిగితే నా ఉపన్యాసాలు గుర్తుకు రావు. నిండు సభలో, నమ్మడానికి సిద్ధంగా ఉన్న జనం ముందు, అబద్ధం చెప్పడం అతి తేలికైన చోట, మా అత్త అన్న ఆ రెండు మాటలే గుర్తొస్తాయి.

సభ అయ్యాక నా చెయ్యి ఆసరాగా పట్టుకుని మెల్లగా బయటికి వచ్చింది. గేటు దగ్గర ఆగి నా ముఖంలోకి చూసింది.

"తప్పుగా ఏమన్నా చెప్పినానా?"

"లేదత్తా."

"మరి ఎందుకురా అట్ల చూస్తాండావు?"

ఆమె నా సమాధానం కోసం ఆగలేదు. రిక్షావాణ్ణి పిలిచి అప్పుడే బేరం మొదలుపెట్టింది.